రేషన్ ఆగిన మా బస్తీకి అండగా నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

మా బీడీ కార్మికుల బస్తీలో ఆగిపోయిన కార్డుల పని ఈరోజుతో ఓ కొలిక్కి వచ్చింది. ఒళ్లు హూనమైంది. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. ఇళ్లలోవాళ్లు ఎలాగూ చేస్తారు, వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది పక్క వార్డు రేషన్ డీలరమ్మ గురించి.

మా కార్డుల్లో ఒక్కటీ ఆమె షాపుది కాదు. ఈ-కేవైసీ, అంటే కార్డులో పేరున్న మనిషి తనేనని మిషన్ మీద వేలిముద్ర వేసి రుజువు చేసుకోవడం, ఏ రేషన్ షాపులోనైనా చేయించుకోవచ్చని మాకు చెప్పిందే ఆమె. ఏళ్ల తరబడి తునికాకు చుట్టిన వేళ్లకు గీతలు అరిగిపోతాయి, మిషన్ తీసుకోదు. షాపు కట్టేసే వేళ దాటినా ముసలమ్మలను స్టూలు మీద కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తడి లేకుండా గుడ్డతో తుడిచి, బొటనవేలు పడకపోతే చూపుడు వేలు, అదీ పడకపోతే ఉంగరపు వేలు పెట్టించింది. పది వేళ్లూ అయ్యాకే ఐరిస్, అంటే కంటిపాప స్కాన్. "తొందరేం లేదు పెద్దమ్మా, రెప్ప వెయ్యకు" అంటుంటే పక్కన నిలబడ్డ మాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ కసురుకునేవాళ్లనే చూశాం మరి.

ఎవరిది ఎందుకు ఆగిందో నోటుబుక్కులో రాసిపెట్టింది. ఆధార్‌లో వేలిముద్ర పాతబడితే ముందు ఆధార్ సెంటర్లో మార్పించుకోవాలి. మారిందని మెసేజ్ వచ్చేదాకా షాపులో ఎన్నిసార్లు వేలు పెట్టినా దండగే. పిల్లలకు 5 ఏళ్లు, 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. చాలా ఇళ్లలో చిక్కు ఇక్కడే పడింది. శుక్లం ముదిరితే ఐరిస్ కూడా పడదు, అలాంటివాళ్లకు వేరే పేజీ. పేరే ఎగిరిపోతే మీసేవలో దరఖాస్తు చేసి రసీదు దాచుకోవాలి, గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణకు వచ్చినప్పుడు ఇంట్లో మనిషి ఉండాలి.

మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. నలుగురిలో ఇద్దరి పేర్లు పోతే నెలకు 12 కిలోలు పోయినట్టే. ఆ ముక్క ముందే చెప్పే నోటీసు ఏదీ? వేలు పెట్టాకే తెలుస్తుంది! తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇవ్వాల్సిన బియ్యం ఇవ్వకపోతే భత్యం ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టంలో ఉంది. ఆఫీసుల్లో అడిగి చూడండి, ఆ మాట ఎప్పుడూ విననట్టే చూస్తారు.

ఆ లోటు జనమే పూడ్చారు. గుడి అన్నదానం కమిటీ, మసీదు కమిటీ కలిసి నలుగురున్న ఇంటికి 25 కిలోల బస్తా, 2 కిలోల కందిపప్పు, లీటరు నూనె ఇచ్చాయి. డీలరమ్మ నోటుబుక్కుతో సరిచూసి పంచడం వల్ల ఎవరికీ రెండుసార్లు వెళ్లలేదు, ఎవరికీ తప్పిపోలేదు.

అయ్యో, ఆటో అన్నను మరిచాం. నడవలేని పెద్దవాళ్లను ఎత్తుకుని దించింది ఆయనే. జిరాక్స్‌లకు డబ్బులు తీసుకోని తమ్ముడికి, చంటిపిల్లల తల్లుల పేర్లు విడిగా రాసిచ్చిన అంగన్‌వాడీ టీచరమ్మకు కూడా దండాలు. ఇంకా ఎవరి పేరైనా ఆగి ఉంటే 1967కు ఫోన్ చేయండి, లేదంటే కార్డు, ఆధార్ జిరాక్స్‌లు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి మాతో రండి. మీసేవలో టోకెన్లు రాసిచ్చిన చెల్లెమ్మా, నీక్కూడా దండాలు.