గ్రెయిన్ కోసం నీడల్ని పోగొట్టుకోవద్దు

సంపాదకుల వారికి,

ఫిల్ము కెమెరాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా ఉంది. అయితే అందులోని రెండు సలహాలు నమ్ముకుంటే కొత్తవాళ్ల రీళ్లు పాడవుతాయి. ఒకటి, గ్రెయిన్ (ఫోటోలో కనిపించే రేణువులు) కావాలంటే ఐఎస్ఓ 400 వేగం ఉన్న ఫిల్మును 1600 అని పెట్టి తీసి, ఎక్కువసేపు కడగమనడం, అంటే డెవలప్ చేయమనడం. రెండోది, డెవలపర్‌ను (ఫిల్ము మీద బొమ్మను బయటికి తెచ్చే ద్రావణాన్ని) ‘గది ఉష్ణోగ్రతలో’ వాడమనడం.

వెలుతురు కొలిచే మీటరుకు 1600 అని చెప్పినంత మాత్రాన ఫిల్ము వేగం పెరగదు. దాని మీద పడే వెలుతురు నాలుగో వంతుకు తగ్గుతుంది, అంతే. వెండి లవణపు స్ఫటికం డెవలపర్‌లో నల్లబడాలంటే ముందుగా దాని మీద మూడు నాలుగు వెండి పరమాణువులైనా గుంపుకట్టాలి. నీడల్లో ఆపాటి వెలుతురు కూడా పడకపోతే ఎంతసేపు కడిగినా అక్కడ వచ్చేది ఫాగే, అంటే బొమ్మ లేని మసకే. పెరిగేవి వెలుగు భాగాల సాంద్రత, కాంట్రాస్టు, వాటితోపాటు గ్రెయిన్. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు ఐడీ-11 డెవలపర్ స్టాక్‌లో (నీళ్లు కలపని ద్రావణంలో), 20 డిగ్రీల వద్ద, 400కి ఏడున్నర నిమిషాలు, 1600కి 14 నిమిషాలు. ఆ 14 నిమిషాల్లో పెళ్లికూతురి ముఖం వస్తుంది. జడ రాదు, నల్లటి ముద్దగా మిగులుతుంది. రాత్రి పందిట్లో వేరే దారి లేనప్పుడు ఇలా వేగం పెంచి తీసి ఎక్కువసేపు కడగాల్సిందే (దీన్నే పుష్ అంటారు). పట్టపగలు ఎందుకు?

గ్రెయిన్ కనిపించాలంటే డెవలపర్ మార్చి చూడండి. డీ-76 అనే డెవలపర్‌లో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అది స్ఫటికాలను కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ను మెత్తబరుస్తుంది. 1891 నాటి రోడినాల్ డెవలపర్‌ను 50 రెట్ల నీటిలో కలిపి వాడితే ఆ కరిగించడం ఉండదు. గ్రెయిన్ ఇసుక రేణువుల్లా విడివిడిగా నిలుస్తుంది, నీడలూ ఉంటాయి.

అన్నట్టు, గ్రెయిన్ అని చాలామంది చూపించేది గ్రెయిన్ కాదు. పలచటి నెగటివ్‌ను స్కానర్ బలవంతంగా వెలిగించినప్పుడు వచ్చే నాయిస్, దాని మీద సాఫ్ట్‌వేర్ చేసిన షార్పెనింగ్. నెగటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టి చూస్తే తెలిసిపోతుంది. నీడలుండాల్సిన చోట అంచు ఫిల్ములాగే ఖాళీగా ఉంటే తప్పు ఎక్స్‌పోజర్‌దే.

మన ఎండలకు చేయాల్సింది వ్యాసం చెప్పినదానికి సరిగ్గా తిరగేసి. మీటరు దేన్ని చూసినా మధ్యరకం బూడిద రంగనే అనుకుంటుంది. తెల్ల పంచె మీద చదివితే రెండు స్టాపుల దాకా, అంటే వెలుతురు నాలుగో వంతు దాకా తగ్గి, ఫిల్ము అండర్ అవుతుంది. మే నెల మధ్యాహ్నం 400 ఫిల్మును 200గా పెట్టండి, కడిగే సమయం ఇరవై శాతం దాకా తగ్గించండి. ఐడీ-11కు సమానంగా నీళ్లు కలిపితే (1+1) 13 నిమిషాలు పదిన్నర అవుతుంది. వేపచెట్టు నీడలో మనిషి ముఖమూ, వెనక సున్నం గోడా రెండూ దక్కుతాయి.

ఇక ‘గది ఉష్ణోగ్రత’. అది చలిదేశాల పుస్తకాల్లోని మాట. అక్కడ గది 20 డిగ్రీలుంటుంది, విజయవాడలో వేసవిలో కుళాయి నీళ్లే 32 దాటుతాయి. డిగ్రీకి సుమారు పది శాతం చొప్పున సమయం తగ్గుతుంది. 20 డిగ్రీల్లో 13 నిమిషాలు 24లో 9కి వస్తుంది, 32లో నాలుగు కూడా ఉండదు. అయిదు నిమిషాల లోపు కడిగితే మచ్చలు మచ్చలుగా, ఎగుడుదిగుడుగా వస్తుంది.

ఐసుముక్కలు డెవలపర్‌లో వేయకూడదు, పలచనైపోతుంది. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ఐసును పాలిథిన్ సంచిలో కట్టి అందులో వేయండి. డెవలపర్, స్టాప్ (డెవలపింగ్‌ను ఆపే ద్రావణం), హైపో (బొమ్మను స్థిరపరిచే ఫిక్సర్) సీసాలు, చివర్లో మందులు పోయేలా ఫిల్మును జాడించడానికి రెండు లీటర్ల నీళ్లు అన్నీ ఆ టబ్బులోనే పెట్టి 24కి తేవాలి. 20 కోసం పట్టుబడితే సగం పనిలోనే ఐసు అయిపోతుంది. 35 ఎం.ఎం. రీలు ఒక్కటైతే 150 మిల్లీలీటర్ల ఐడీ-11 స్టాక్, అంతే నీళ్లు. ప్రతి నిమిషం మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తిరగేయాలి. ఒకసారి వాడింది పారబోయాలి.

ఎక్కువమంది పాడుచేసుకునేది చివర్లో. 24లో కడిగి, హైపో అయ్యాక నేరుగా కుళాయి కింద పెడతారు. ఇప్పటి ఫిల్ముల్లో జెలటిన్ పూర్తిగా ముడతలు పడటం అరుదే. కానీ ఎమల్షన్ (ఫిల్ము మీది జెలటిన్ పూత) వేడికి ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలినా గీత పడుతుంది. అందుకే టబ్బులో చల్లార్చిన ఆ రెండు లీటర్ల నీళ్లు. ట్యాంకు నింపి 5 సార్లు, నీళ్లు మార్చి 10 సార్లు, మళ్లీ మార్చి 20 సార్లు తిరగేస్తే చాలు. బోరునీళ్లయితే ఆఖరి ముంపు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లో, లేకపోతే ఆరాక సున్నపు చుక్కలు నిలుస్తాయి.

వ్యాసంతో ఇచ్చిన టైముల పట్టికలో ఉష్ణోగ్రత లేదు. ‘20 డిగ్రీల వద్ద’ అని ఒక్క ముక్క సవరణగా వేయండి. ఆ పట్టికను కత్తిరించి డార్క్‌రూమ్ గోడకు అంటించుకునేవాళ్లు ఉంటారు.

– ఒక పాఠకుడు, విజయవాడ