శనివారం కాంప్లెక్స్ మీటింగ్: సింక్రోట్రాన్‌పై అరగంట

తిరుపతి ఫిజికల్ సైన్స్ సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. సింక్రోట్రాన్ అంటే ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి కాంతి పుట్టించే పెద్ద యంత్రం. పేరు చూసి టెన్షన్ పడొద్దు, పదో తరగతి పాఠం చాలా వరకు సరిపోతుంది.

అయస్కాంత క్షేత్రంలో కదిలే ఆవేశంపై బలం పనిచేస్తుందని చెప్తాం కదా, కథ అక్కడే మొదలు. దాదాపు కాంతి వేగంతో పోయే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలతో వంచితే, ఆ వంపులో అవి కాంతిని వదులుతాయి. అది అన్ని వైపులా చెదరదు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు హెడ్‌లైట్ లోయ వైపు సూటిగా పడ్డట్టు, స్పర్శరేఖ దిశలో సన్నగా వెళ్తుంది. అందులోని ఎక్స్-కిరణాలతో స్ఫటికాల్లో పరమాణువుల అమరిక తెలుసుకుంటారు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణానికి వెంకట్రామన్ రామకృష్ణన్ 2009లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్న పనికీ సింక్రోట్రాన్ కిరణాలే వాడారు. మన దేశంలో ఇండోర్‌లో ఇండస్-2 అనే సింక్రోట్రాన్ ఉంది: చుట్టుకొలత 172.5 మీటర్లు, శక్తి 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. పిల్లలకు అంకెల కన్నా ప్రయోగమే గుర్తుంటుందని నా అభిప్రాయం.

అందుకే పాత సీడీ, ఎర్ర లేజర్ పాయింటర్, టేపు తెచ్చుకోండి. సీడీ గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. 650 నానోమీటర్ల లేజర్‌ని సీడీపై నిటారుగా వేస్తే, మీటరు దూరంలోని తెరపై గీతల వల్ల పక్కకు వంగిన మొదటి చుక్క మధ్య చుక్క నుంచి సుమారు 44 సెంటీమీటర్ల దూరంలో పడాలి. ఎక్స్-కిరణాలతో స్ఫటికాన్ని చదివేదీ ఇలా చుక్కలు చూసే. డీవీడీ తేవద్దు, చుక్క మరీ దూరం పోతుంది.

లేజర్ మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి, సీడీ మీద పడి కళ్లలోకి కొట్టొచ్చు. వచ్చేవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడే చెప్పండి.