ఒక్క బోల్టుకి రెండున్నర రోజులు: మన షెడ్డు కస్టమర్లందరికీ

అందరికీ నమస్కారమండి. శనివారం సాయంత్రానికి బండి ఇచ్చేస్తానని మాటిచ్చి ఇవ్వలేకపోయిన ముగ్గురికీ ముందు సారీ. ఫోన్ ఎత్తలేదని ఇద్దరు కోప్పడ్డారు, కోప్పడాల్సిందే, కానీ ఆ టైంలో నా కుడి చెయ్యి మోచేతి దాకా ఇంజన్ వెనకాల ఇరుక్కుని ఉంది, ఎడమ చేతి నిండా గ్రీజు. "ఒక్క బోల్టుకి ఇన్ని రోజులా బాబూ" అని ఒకాయన అడిగారు కాబట్టి జరిగింది దాచకుండా చెప్పేస్తున్నా, ఎందుకంటే తప్పు నాదే.

శుక్రవారం మధ్యాహ్నం ఒక పెట్రోల్ కారొచ్చింది, సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుంది గానీ ఇంజన్ తిరగట్లేదు. బ్యాటరీ బాగానే ఉంది, ఎర్త్ వైరూ బాగానే ఉంది, పోయింది సెల్ఫ్ మోటారే, అంటే ఇంజన్‌ని మొదట తిప్పి స్టార్ట్ చేసే మోటారు. అది దింపాలంటే రెండే బోల్టులు. కిందది పది నిమిషాల్లో వచ్చేసింది. పైది ఇంజన్‌కీ ఫైర్‌వాల్‌కీ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్యుండే రేకు గోడ) మధ్యలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాల సెట్టు) కింద, కంటికి కనపడదు, వేళ్ళతో తడుముకోవాల్సిందే. పైగా ఆ బండి బీచ్ వైపు ఆరుబయటే పెడతారు. ఆ బోల్టు దిగేది గేర్‌బాక్స్ హౌసింగ్‌లోకి, అంటే దాని పైతొడుగులోకి, అది అల్యూమినియం, బోల్టు ఇనుము, రెండిటి మధ్యకీ ఉప్పు తేమ చేరిందంటే అల్యూమినియం తెల్లగా పొడిలా పూసి మరల్లో సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. వైజాగ్‌లో పానా పట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు, నాకూ తెలుసు, తెలిసే తొందరపడ్డా.

మానిఫోల్డ్ విప్పితే ఇంకో మూడు గంటల పని, ఎందుకులే అని కింద నుంచి పొడుగు ఎక్స్‌టెన్షన్ రాడ్డు, చివర ఎటైనా వంగే యూనివర్సల్ జాయింట్, దానికి 14 ఎంఎం సాకెట్ (బోల్టు తల మీద తొడిగే గిన్నెలాంటి పానా) తగిలించి లాగాను. ఆ సాకెట్ చూస్తే 12 మూలలది. చెయ్యి సరిగా పెట్టలేని చోట అది సుఖం, ఎలా పెట్టినా కూర్చుంటుంది, కానీ దాని పట్టంతా బోల్టు తల అంచుల మీదే, అదే 6 మూలలదైతే పలకకి ఆనుతుంది. జాయింట్ వంకరగా తిరిగేకొద్దీ సాకెట్ ఒక పక్కకి లేచిపోయింది. రెండోసారి లాగేసరికి చేతికి మెత్తగా తగిలింది. బోల్టు కదిలితే వచ్చే మెత్తదనం వేరు, తల గుండ్రమైపోతే వచ్చేది వేరు, చెయ్యి చెప్పేస్తుంది. లైటు పట్టుకున్న మా కుర్రాడు "వచ్చేసిందేటి గురువుగారూ" అన్నాడు. నేనేం మాట్లాడలేదు.

రాత్రికి తుప్పు వదిలే ఆయిల్ కొట్టి వదిలేశా, పొద్దున్నకి తేడా ఏం లేదు. ఒక సైజు చిన్నదైన 13 సాకెట్‌ని తల మీదకి సుత్తితో దిగ్గొడదామంటే సుత్తి ఊపడానికి జానెడు చోటు లేదు. బెంచీ మీదైతే తల మీద నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టేవాణ్ణి, ఆ వేడికే సగం పట్టు వదిలేస్తుంది, కానీ ఇక్కడ పక్కనే ఫ్యూయల్ పైపు, వైరింగ్, నిప్పు మాటే వద్దు. పక్క షెడ్డు మేస్త్రి వచ్చి తల డ్రిల్ చేసెయ్ అన్నాడు. తప్పు సలహా కాదు, తల ఊడితే మోటారు వచ్చేస్తుంది, మిగిలిన ముక్క ప్లయర్‌తో తిప్పుకోవచ్చు, కాకపోతే కనపడని చోట డ్రిల్ జారి అల్యూమినియంలోకి దిగితే హౌసింగ్‌కే ఎసరు. చివరికి మొదట చెయ్యాల్సిన పనే శనివారం చేశా, ఎయిర్ ఫిల్టర్ బాక్సూ మానిఫోల్డూ అన్నీ పీకి పక్కన పెట్టా. అప్పుడు కనపడింది బోల్టు, అరిగిపోయిన గోలీకాయలా ఉంది.

ఆదివారం మనకి సెలవు. సోమవారం పొద్దున్నే పక్క షెడ్డులో ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్ అడిగి తెచ్చా. అవునండి, నా దగ్గర లేదు, సిగ్గుపడాల్సిన విషయమే, ఇప్పుడు సెట్టు కొన్నాలెండి. దాని లోపల మెలికల పళ్ళుంటాయి, విప్పే వైపు తిప్పేకొద్దీ తలని ఇంకా కొరికి పడుతుంది. నాలుగు దెబ్బలు కొట్టి కూర్చోబెట్టి లాగితే టక్‌మని ఒక చప్పుడు. బోల్టు వదిలిందా లోపల తెగిందా ఆ క్షణంలో తెలీదు, రెండిటి చప్పుడూ ఒకటే. ఇంకో పావు చుట్టు తిప్పితే కిర్రుమంటూ గట్టిగానే తిరిగింది, తెగితే వదులుగా తిరిగేది కదా, అప్పుడు ఊపిరి పీల్చుకున్నా. అరచుట్టు విప్పడం, పావుచుట్టు బిగించడం, ఆయిల్ కొట్టడం, అలా ఇరవై నిమిషాలకి బయటికొచ్చింది, మరల నిండా తెల్లపొడి.

డబ్బుల సంగతి. ఆ బండికి ముందు చెప్పిన లేబరే తీసుకున్నా, మానిఫోల్డ్ గాస్కెట్టూ కొత్త బోల్టూ నావే. ఇక మీదట సముద్రం వైపు బండి ఇలాంటి పనికొస్తే బోల్టు పట్టేసి ఉంటే ఇంత, లేకపోతే ఇంత అని రెండు రేట్లూ ముందే చెప్తా, పెద్ద రేటు విని బెదిరిపోకండి.

ఆగిన బండ్లలో బ్రేక్ ప్యాడ్లవి రెండూ రేపు సాయంత్రానికి రెడీ. క్లచ్ బండి గురువారం, బుధవారం అని చెప్పి మళ్ళీ మాట పోగొట్టుకోను. ఆ బోల్టు చూపించమని కొందరడిగారు గానీ బండి ఓనరు గారు జేబులో వేసుకుని పట్టుకెళ్ళిపోయారు. ఫోన్ ఎత్తకపోతే కుర్రాడికి చెయ్యండి, నేను బండి కింద ఉంటా.