మొదటి రిమోట్ బోటు కొనే ముందు చెరువును చూడండి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులకు పిల్లలకు కొనివ్వదగ్గ వస్తువులంటూ మొన్న ఆదివారం మీరు వేసిన పేజీలో రిమోట్‌తో నడిచే స్పీడు బోటు ఫొటో ఉంది. కింద రాసింది ఒక్కటే మాట, గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో. ఆ మరుసటి రోజే ఇద్దరు తండ్రులు వేర్వేరుగా మా షాపుకొచ్చి, పేపరు మడిచి బల్ల మీద పెట్టి, "అన్నా, ఇది కొనచ్చా?" అని అడిగారు. నేను తిరుపతిలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లతోనే పని. మూడేళ్ల నుంచి ఈ బోట్ల మోటార్లు కూడా నా దగ్గరికి వస్తున్నాయి. వాళ్లిద్దరికీ నిలబెట్టి చెప్పిందే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

బోటు ఎంత స్పీడు పోతుందన్నది తర్వాత. చెరువు నడుమ ఆగిపోతే దాన్ని ఒడ్డుకు ఎట్లా తెచ్చుకుంటారు? మొదటి బోటు కొనేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుంటే సగం తప్పులు జరగవు. ఇది నాకు తెలిసొచ్చిన విధం చెప్తాను.

మూడేళ్ల కిందట, కార్తీక మాసం. వానలకు చిత్తూరు దగ్గర మా చెల్లెలి ఊరి చెరువు నిండింది. మా మేనల్లుడు అప్పుడు తొమ్మిదో తరగతి. పండగ డబ్బులు దాచుకుని ఆన్‌లైన్‌లో ఒక బోటు తెప్పించాడు. స్పీడు అంకె చూసి కొన్నాడు, అంతే. మూడో రౌండులో వాడు మలుపు తిప్పేసరికి ఎదురుగాలి కొట్టింది. బోటు ముక్కు పైకి లేచి వెల్లకిలా పడింది. ఒడ్డు నుంచి డెబ్బై మీటర్లు ఉంటుంది. నేను కట్ట మీద నిలబడి ఉన్నాను. "మామా, ఒక్క నిమిషం" అని చొక్కా విప్పి వాడు నీళ్లలోకి దిగాడు. పది పన్నెండు అడుగులు మోకాటి లోతే. ఆ తర్వాతి అడుగుకు మనిషి కనబడలేదు.

ఆ ఎండాకాలంలో జేసీబీతో మట్టి తోలుకుపోయిన గుంత అది. నీళ్లు నిండాక పైనుంచి చూస్తే చెరువంతా ఒకటే మట్టంగా కనిపిస్తుంది. వాడికి కాస్తో కూస్తో ఈత వచ్చు కాబట్టి పైకి తేలాడు. నేను భుజం మీది తువ్వాలు విసిరి, దాని కొస పట్టించి లాగాను. ఒడ్డున కూర్చుని వాడు వణుకుతుంటే మా చెల్లెలికి ఏమని చెప్పాలా అన్న టెన్షన్‌తో నాకు నోట మాట రాలేదు. బోటు మాత్రం రాత్రంతా గాలికి కొట్టుకుని కొట్టుకుని తెల్లారేసరికి తూము పక్కకు చేరింది. బర్రెలు తోలుకెళ్లే ఆయన తీసి ఇచ్చాడు. దాన్ని ఎవరూ వెతకాల్సిన పనే లేదు, తనంతట తనే వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక మాట అనుకున్నాం: బోటు కోసం ఎవరూ నీళ్లలో దిగరాదు. అది ఇరవై వేలదైనా సరే.

ఇక కొనే సంగతికి వస్తాను. మొదట చూడాల్సింది పడవ అడుగు. రెండు సన్నని పొట్టలు పక్కపక్కన ఉండేదాన్ని క్యాటమరాన్ అంటారు. మన పక్కనున్న తమిళుల కట్టుమరం అనే మాట నుంచి వచ్చిన పేరే అది. నున్నటి నీటి మీద అది భలే పరుగెత్తుతుంది, మలుపుల్లోనూ నిలకడగా ఉంటుంది. కానీ రెండు పొట్టల మధ్య గాలి దూరి లేపిందంటే వెల్లకిలా పడుతుంది. పడిందా, చాలా రకాలు మళ్లీ నిటారుగా లేవవు. మా వాడు కొన్నది అదే. మన చెరువుల్లో మధ్యాహ్నం దాటితే గాలి, చిన్న చిన్న అలలు తప్పవు. అందుకని ఒకటే పొట్టతో, అడుగు 'వి' అక్షరంలా కోసుగా ఉండే డీప్ వీ రకం మొదటి బోటుకు మంచిది. అలను కోసుకుంటూ పోతుంది.

అందులోనూ సెల్ఫ్ రైటింగ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. బోల్తా పడ్డా తనంతట తనే లేస్తుందని దాని అర్థం. లోపల పెద్ద మాయ ఏమీ లేదు. బోటుకు ఒక పక్కన ఖాళీ గది ఉంటుంది. తలకిందులైతే అందులోకి నీళ్లు చేరి, ఆ పక్క బరువెక్కి, బోటు దొర్లి నిటారుగా వస్తుంది. మళ్లీ పరుగెత్తించేటప్పుడు ఆ నీళ్లు బయటికి పోతాయి. కానీ పైమూత సరిగ్గా బిగించకపోతే నీళ్లు అసలు పొట్టలోకే పోతాయి, అప్పుడు ఏ సెల్ఫ్ రైటింగూ పని చేయదు. మూత చుట్టూ ఉండే రబ్బరు చెదరకుండా ఉందా అని ప్రతిసారీ వేలితో తడిమి చూడండి. మేము దాని మీద టేపు కూడా అంటిస్తాం. లోపల ఖాళీ చోట్లలో ఫోమ్ ముక్కలు కూరి పెడితే నీళ్లు నిండినా మునగదు.

మొదటి బోటుగా ఫెయిలున్ ఎఫ్‌టీ009 లాంటి చిన్న బోట్లు సరిపోతాయి. 7.4 వోల్టుల బ్యాటరీ, గంటకు 30 కిలోమీటర్ల దాకా స్పీడు, బోల్తా పడితే లేచే ఏర్పాటు ఉంటాయి. దాన్ని నీళ్లలో పెడితేనే ప్రొపెల్లర్ తిరుగుతుంది, చేతిలో ఉండగా తిరగదు. పిల్లల వేళ్లకు అదే రక్ష. పద్నాలుగు దాటిన వాళ్లు, పక్కన పెద్దవాళ్లుంటే, ప్రోబోట్ వాళ్ల రీకాయిల్ 2 రకం చూడొచ్చు. అవి 18 అంగుళాలు, 26 అంగుళాల సైజుల్లో ఉన్నాయి, రెండూ సెల్ఫ్ రైటింగే. ట్రాక్సస్ స్పార్టన్ వీడియోలు చూసి అదే కావాలని పట్టుబట్టే పిల్లలున్నారు. 36 అంగుళాల పొడవు, గంటకు 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు. సెకనుకు 22 మీటర్లు. అది మొదటి బోటు కాదు, దయచేసి వినండి. గంటకు 40 కిలోమీటర్లతో పోయే బోటే సెకనుకు 11 మీటర్లు దాటేస్తుంది. యాభై మీటర్ల కుంటను ఐదు సెకన్లలో దాటేసి అవతలి ఒడ్డు రాళ్లకు కొట్టుకుంటుంది.

ఇంకో మాట. 14 ఏళ్ల లోపు పిల్లల ఆటవస్తువులకు మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. స్పీడు బోట్ల పెట్టెల మీద చాలావాటికి 14+ అని ఉంటుంది, అంటే అవి పిల్లల ఆటవస్తువుల లెక్కలోకి రావు. అదేదో మర్యాదకు రాసింది అనుకోకండి. ఆ అంకె ఉన్నదాన్ని ఆటబొమ్మ లెక్కన ఏడేళ్ల పిల్లవాడి చేతిలో పెట్టకూడదు.

మోటారు గురించి నాకు తెలిసినంత చెప్తాను. బ్రష్డ్ మోటారుకు రెండు వైర్లు, లోపల కార్బన్లు అరుగుతూ ఉంటాయి. బ్రష్‌లెస్‌కు మూడు వైర్లు, అరిగే కార్బన్లు లేవు, దాన్ని తిప్పేది ఈఎస్‌సీ అనే కంట్రోలరు. కేవీ అని ఒక అంకె రాస్తారు. మన కరెంటు స్తంభాల కిలోవోల్టు కాదది. ఒక వోల్టు ఇస్తే, ఏ లోడూ లేకుండా నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క. 2000 కేవీ మోటారుకు 11.1 వోల్టుల బ్యాటరీ పెడితే 22,200 చుట్లు. మన బోర్లలో దించే సబ్‌మెర్సిబుల్ మోటారు నిమిషానికి 3,000 లోపే. మరి అంత వేగంతో తిరిగేదానికి ఒక నాచు పోగు అడ్డం పడితే?

ఆగస్టులో ఒక అబ్బాయి తెచ్చిన మోటారు ఇంకా నా బల్ల మీదే ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టుకు చేపల వల నైలాన్ దారం, దాని మీద నాచు, మళ్లీ దారం, ఎవరో పనిగట్టుకుని చుట్టినట్టు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. బ్లేడుతో ఒక్కో పోగూ కోసి తీయడానికి అరగంట పట్టింది. షాఫ్టు తిరగకుండా బిగుసుకుపోయినా అబ్బాయి రిమోట్ మీది స్పీడు ట్రిగ్గర్ వదల్లేదు. లోపల రాగి తీగ నల్లబడిపోయింది. ఇసుక పట్టి జామ్ అయిన బోరు మోటారు విప్పితే ఏ కమురు వాసన వస్తుందో అదే వాసన. బోటు నెమ్మదించిందని అనిపించగానే ట్రిగ్గర్ వదిలేయాలి, ఇంకా నొక్కకూడదు. నీళ్లతో చల్లబడే బోట్లకు పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, నడిచేటప్పుడు అందులోంచి సన్నటి ధార రావాలి. ధార ఆగిందంటే గొట్టంలో చెత్త చేరింది, వెంటనే ఒడ్డుకు తెచ్చేయండి. ఇంటికెళ్లాక షాఫ్టు బయటికి లాగి తుడిచి, గ్రీజు పూసి పెట్టడం ప్రతిసారీ చేయాల్సిందే. కొనే ముందే ఆ షాపు వాళ్లను ప్రొపెల్లరు, షాఫ్టు, చుక్కాని విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే ఆ బోటు వద్దు.

బ్యాటరీకి ఈ ఎండల ఊళ్లో ఇంకా జాగ్రత్త కావాలి. ఇవి ఎక్కువగా లైపో, అంటే లిథియం పాలిమర్ బ్యాటరీలు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, 3.3 కిందికి దించకూడదు, వాడకుండా ఉంచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. నిండుగా చార్జి చేసి బీరువాలో దాచిన బ్యాటరీ కొన్నాళ్లకు అప్పడంలా ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని మళ్లీ చార్జికి పెట్టవద్దు. 2200 ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె) బ్యాటరీని 2.2 ఆంపియర్లకు మించి చార్జి చేయకండి, అదీ సెల్లులన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జరుతోనే. సిమెంటు గచ్చు మీద, మనుషులు మేలుకొని ఉన్నప్పుడు, పక్కన ఒక బకెట్ ఇసుకతో. మేలో అలిపిరి దగ్గర ఎండలో నిలిపిన కారులో వదిలేసి దర్శనానికి పోవద్దు. బ్రష్‌లెస్ బోటు సగటున 20 ఆంపియర్లు లాగితే ఆ 2200 బ్యాటరీ మొత్తం అయిపోవడానికి ఆరున్నర నిమిషాలు. కాబట్టి ఐదు నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకుని వెనక్కి తెచ్చేయండి. చెరువుల నడుమ ఆగిపోయే బోట్లలో చాలావాటికి వచ్చిన రోగం ఈ బ్యాటరీయే.

ఎక్కడ నడపాలి? కళ్యాణి డ్యామ్ నీళ్లు మనం తాగేవి, అక్కడ వద్దు. స్వామివారి తెప్పోత్సవం జరిగే కోనేళ్ల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. మామిడి తోటల్లో ప్లాస్టిక్ షీటు పరిచిన కుంటలు చూడటానికి బాగుంటాయి, కానీ ఆ షీటు మీద కాలు నిలవదు, పడితే ఎక్కి రాలేరు. పిల్లలను ఒంటరిగా అక్కడికి పంపకండి. ఊరి చెరువైతే చేపలకు వేలం పాడుకున్న మనిషిని అడిగి, వల లేని పక్క చూపించమనండి. మేము అడిగితే ఆయన సంతోషంగా చూపించాడు, ఇప్పుడు మా బోటు ఆగిపోతే లారీ ట్యూబు మీద వెళ్లి ఆయనే తెచ్చిస్తాడు. ఈత కొట్టే పిల్లలు, గేదెలు, బట్టలు ఉతికే వాళ్లు ఉంటే ఆ పూటకు బోటు తీయకండి. చలికాలంలో బుడుబుంగలు, నీటికోళ్లు గుంపులుగా దిగుతాయి, వాటి మధ్యకు తోలడం పాపం. నీటి మట్టాన యాంటెన్నాకు సిగ్నల్ త్వరగా తగ్గుతుంది, వంద మీటర్లు దాటితే బోటు ముక్కు ఎటుందో కంటికీ తెలియదు. పైభాగం నారింజ రంగో పసుపో ఉన్నది కొనండి, నీలం, నలుపు వద్దు. ముందు రిమోట్ ఆన్ చేసి తర్వాత బోటు ఆన్ చేయాలి, ఆపేటప్పుడు ముందు బోటు ఆపాలి.

బోటుతో పాటు ఒక గాలపు కర్ర, దారం చుట్టే రీలు, ఒక టెన్నిస్ బంతి కొనండి. దారం కొసకు బంతి కట్టి, ఆగిన బోటుకు అవతల పడేలా విసిరి, మెల్లగా చుడితే దారం బోటుకు తగులుకుని ఒడ్డుకు వస్తుంది. విసరడం ముందు మేడ మీద సాధన చేయండి. మావాడు ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, నలభై మీటర్ల దాకా గురి తప్పకుండా వేస్తాడు. అందుకే మేము ఒడ్డు నుంచి నలభై మీటర్లు దాటనివ్వం.

మీరు మళ్లీ ఇలాంటి పేజీ వేసేటప్పుడు స్పీడు పక్కన వయసు, సెల్ఫ్ రైటింగ్ ఉందా లేదా, బ్యాటరీ ఎన్ని వోల్టులు అన్నవి కూడా వేయండి. బోటు కోసం నీళ్లలోకి దిగొద్దని ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో వేయండి. చెరువుల్లో మట్టి తీయడానికి అనుమతిచ్చే అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. వానలు మొదలయ్యేలోగా ఆ గుంతల చుట్టూ గడలు పాతి గుర్తు పెట్టించండి. మావాడు మునిగిన చోట మూడేళ్లయినా ఎవరూ ఏమీ పెట్టలేదు. ఈ మే నెలలో నేనూ వాడూ వెళ్లి నాలుగు వెదురు గడలు పాతి, వాటికి ఎర్రగుడ్డ కట్టి వచ్చాం. నీళ్లు ఈ వారమే ఆ గడల మొదట్లోకి చేరాయని మా చెల్లెలు ఫోన్ చేసింది.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ మెకానిక్,
తిరుపతి