హెరాల్డ్ జనవరి పోటీకి వెళ్లడం లేదు: మా షెడ్డు కస్టమర్లకు కొన్ని మాటలు

మా షెడ్డుకు బండ్లు ఇచ్చే అందరికీ నమస్కారం.

కొన్ని నెలలుగా విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు ఆగిన వాళ్లందరూ ఒకే మాట అడుగుతున్నారు: "ఆ చిన్న నీలం కారు ఎప్పుడు బయటికి వస్తుంది?" తమ బండి మా దగ్గర ఆగిపోయిన వాళ్లు మాత్రం ఇంకో మాట అడుగుతున్నారు: "ఆ కారు పనిలో పడి మాది పక్కన పెట్టారా?" రెండింటికీ దాపరికం లేకుండా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను. హెరాల్డ్ అనే ఆ పాత కారు యజమాని గుంటూరు బ్రాడీపేటలో ఉండే విశ్రాంత లెక్చరర్. మేమందరం మాస్టారు అంటాం. ఇందులో ప్రతి మాటా ఆయనకు చదివి వినిపించి, సరే అన్నాకే మీకు పంపుతున్నాను.

జనవరిలో చెన్నైలో జరిగే పాత కార్ల పోటీకి హెరాల్డ్ వెళ్లడం లేదు. కారణం మా తప్పు. ఇక రెండో ప్రశ్నకు జవాబు, అవును. దసరా ముందు మూడు వారాల పాటు మీలో తొమ్మిది మంది బండ్లు నిజంగానే పక్కన ఉండిపోయాయి. మీ ఇంట్లో పెళ్లి ఉందని, ఊరు వెళ్లాలని చెప్పినా "రేపు, ఎల్లుండి" అన్నాను. అలా అనడం తప్పు, క్షమించండి.

కారు సంగతి మొదటి నుంచి చెబుతాను. 2024 ఏప్రిల్‌లో తెనాలి దగ్గర ఒక రైసుమిల్లు గోదాములో, ఊక బస్తాల వెనక దొరికింది. మాస్టారు 80 వేలకు కొన్నారు. 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారుకు మద్రాసు రూపం ఇది. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1960ల ప్రారంభం నుంచి మద్రాసులో తయారు చేశారు. దీని ఆకారాన్ని గీసినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలోటీ. ఇంజను 948 సీసీ మాత్రమే. కానీ దీని చట్రాన్నే కురచ చేసి 1962లో ఇంగ్లండ్‌లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. ఏ.సి. కాలేజీలో చదివే రోజుల్లో ఒక డాక్టరు గారి హెరాల్డ్‌ను మాస్టారు రోజూ ఆగి చూసేవారట. "స్పోర్ట్స్ కారు కొనే స్తోమత ఎలాగూ లేదు నాయనా, దాని అన్నగారినైనా తెచ్చుకున్నాను" అన్నారు మొదటి రోజు.

ఈ కారు కట్టిన తీరు మా మేస్త్రికి చూడగానే నచ్చింది. ఇప్పటి కార్లలో బాడీ, చట్రం ఒకటే. హెరాల్డ్‌లో చట్రం వేరు, దాని మీద ఒళ్లు ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. ముందు భాగమంతా, రెండు మడ్‌గార్డులతో సహా, ఒకే బానెట్. ముందుకు వంచితే ఇంజను, ముందు చక్రాలు, స్టీరింగ్ కడ్డీలు అన్నీ చేతికి అందుతాయి. ముంగాళ్ల మీద కూర్చుని పని చేసుకోవచ్చు. రిపేరు చేసేవాడి నడుము గురించి ఇంతగా ఆలోచించిన కారును నేను ఇంకొకటి చూడలేదు.

పైకి మాత్రం బాగానే కనబడింది. అయస్కాంతం పట్టుకుని చుట్టూ తిరిగితే తలుపుల కింద, డిక్కీ అడుగున ఎక్కడా అంటుకోలేదు. రేకు ఉండాల్సిన చోట అర అంగుళం మందాన లప్పం. గీకితే బియ్యపు ఊక, తుప్పు కలిసి గుప్పెళ్లకొద్దీ రాలాయి. మొదటి అంచనాలో టింకరింగ్‌కు ఆరు వారాలు రాశాను. పద్నాలుగు పట్టాయి.

పని సగంలో ఉండగా 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగింది. సింగ్‌నగర్ వైపు నుంచి సీట్ల దాకా బురద నిండిన బండ్లు వరసగా వచ్చాయి. హెరాల్డ్‌ను టార్పాలిన్ కప్పి మూలకు నెట్టాం. అయిదు నెలలు దాని జోలికి వెళ్లలేదు. మాస్టారే ఫోను చేసి "ముందు వాళ్లవి చూడు, వాళ్లకు బతుకుతెరువు" అన్నారు. ఆ నిర్ణయం గురించి నాకు ఇప్పటికీ ఏ చింతా లేదు. చింత అంతా ఆ తర్వాత, పోయిన అయిదు నెలలను తొందరపడి రాబట్టుకోవాలని చూడటం గురించే.

రంగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బండ్లు ఆగింది అక్కడే. మాకు వచ్చినప్పుడు కారు ఎర్రగా ఉంది. తలుపు మీద ఒక చోట నీళ్ల కాగితంతో నెమ్మదిగా రుద్దితే ఎరుపు కింద తెలుపు, తెలుపు కింద ముదురు పచ్చ, దాని కింద బూడిద రంగు ప్రైమర్, ఉల్లిపాయ కోసినట్టు వలయాలుగా బయటపడ్డాయి. అసలు రంగు ఆ పచ్చే అనుకున్నాం. డాష్‌బోర్డు విప్పాక, ఏ పెయింటరు తుపాకీ చేరని లోపలి మూలలో, లేత నీలం కనిపించింది. పచ్చ వేసేటప్పుడు ఎవరో కింది రంగును రేకు దాకా గీకేసి ఉంటారు. ఆ మూలను గుడ్డతో తుడిచి మాస్టారిని పిలిస్తే, ఆయన టార్చి పట్టుకుని చాలాసేపు వంగి చూస్తూనే ఉన్నారు.

పోటీకి వెళ్లే కారులో ఇలాంటివే ముఖ్యం. న్యాయనిర్ణేతలు మెరుపు ఒక్కటే చూడరు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా ఉందా అని చూస్తారు. రంగు, బోల్టు తల, వైర్లకు చుట్టిన గుడ్డ, గాజు మీది ముద్ర, అన్నీ లెక్కే. కంపెనీ వేసినదానికంటే ఎక్కువ మెరిపించినా మార్కులు పోతాయి. మాస్టారి మేనల్లుడు ఇంగ్లండ్ నుంచి ప్రేమగా ట్రయంఫ్ పేరు పలకలు పంపాడు. పెట్టలేదు. ఇది మద్రాసులో పుట్టిన స్టాండర్డ్. దాని పేరు దానికే ఉండాలి. మారుతి ఇంజను వేస్తే హాయిగా తిరుగుతుందని సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే చట్రం, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త నమోదుకు 20 వేల రుసుము, పదేళ్ల గడువు, నంబరులో వి.ఎ. అనే అక్షరాలు. పాత బండి ఇంట్లో ఉన్నవాళ్లు ఇంజను మార్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

ఆ లేత నీలాన్ని ఎన్.సి. పెయింటుతోనే, అంటే థిన్నర్ ఆవిరైతే ఆరే పాతకాలపు నైట్రోసెల్యులోజ్ రంగుతోనే, వేయాలని నిర్ణయించుకున్నాం. అది వానాకాలపు పని కాదు. థిన్నర్ త్వరగా ఆవిరయ్యేటప్పుడు రేకు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువ ఉంటే ఆ చల్లని పూత మీద పట్టి, రంగు తెల్లగా మసకబారుతుంది. ఇరవై ఏళ్లుగా పెయింటు పని చేయిస్తున్న నాకు ఇది తెలియక కాదు. జనవరి తేదీ ముంచుకొస్తున్నదని సెప్టెంబరులో, రెండు జల్లుల మధ్య వేయించాను. మర్నాడు పొద్దున బానెట్ మొత్తం పాలు ఒలికి ఆరినట్టుంది. పూర్తిగా రుద్ది, మళ్లీ వేశాం. మా పెయింటర్లు ఇద్దరూ మూడు వారాలు దాని మీదే ఉన్నారు. మీ బంపర్లు, మీ తలుపులు ఆ మూడు వారాలు ప్రైమరుతోనే నిలబడ్డాయి.

ఇంత చేసినా కారు నవంబరుకు సిద్ధమైంది. మాస్టారు వచ్చి, చెప్పులు బయట విడిచి ఎక్కి కూర్చున్నారు. ఆ వారంలోనే జరిగింది.

హెరాల్డ్ ముందు చక్రం ఒక నిలువు ఉక్కు కడ్డీ మీద నిలబడుతుంది. వర్టికల్ లింక్ అంటారు. దాని కింది కొనకు మర ఉంటుంది. ఆ మర ట్రనియన్ అనే కంచు ముక్కలో కూర్చుంటుంది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఉక్కు మర కంచులో తిరుగుతుంది. దానికి పెట్టాల్సింది గ్రీజు కాదు, 90 నంబరు గేరు నూనె. గ్రీజు మర లోతుకు దిగదు, గట్టిపడి అడ్డం కూర్చుంటుంది, లోపల నీరు నిలిచి ఉక్కు తుప్పు పడుతుంది. అక్కడ నూనె ఎక్కించడానికి ఉన్న మూతిని చూస్తే మాత్రం ఎవరైనా గ్రీజే కొడతారు. అంబాసిడర్లకు, ఫియట్లకు నలభై ఏళ్లు గ్రీజు కొట్టిన చేయి మా మేస్త్రిది. కొట్టారు. నేను పక్కనే ఉన్నాను. విప్పి చూద్దామని నాకు తోచలేదు. ఇంజను, గేరుబాక్సు, వెనక అడ్డంగా ఉండే కమాను పట్టీ అన్నీ విప్పించిన నేను, ముందు చక్రాలు గట్టిగానే ఉన్నాయి కదా అని వదిలేశాను. పని పూర్తయిందని కాగితం మీద సంతకం చేసిందీ నేనే.

కానూరు దాకా వెళ్లి వచ్చి, షెడ్డు గేటు దగ్గర పూర్తిగా తిప్పుతుండగా ఎడమ చక్రం ఒక్కసారిగా పక్కకు పడుకుంది. నడకంత వేగం. ఎవరికీ ఏమీ కాలేదు. పది నిమిషాల ముందు బందరు రోడ్డు మీద జరిగి ఉంటే ఏమయ్యేదో రాయడానికి చేయి రావడం లేదు. స్టీరింగ్ పట్టుకుని ఉన్నది మా మేస్త్రి కొడుకు.

విరిగిన కడ్డీ ఇప్పుడు నా బల్ల మీద ఉంది. రూపాయి బిళ్ల కంటే కొంచెం చిన్నగా ఉంటుంది విరుగు. అందులో ముప్పాతిక వంతు కాఫీపొడి రంగులో ఉంది, అంటే ఆ పగులు ఏళ్ల నాటిది. ఒక అంచున మాత్రం గోరంత నెలవంక, కొత్త వెండిలా తెల్లగా ఉంది. ఆ గోరంత ఉక్కు మీద ఆ కారు కానూరు వెళ్లి వచ్చింది. మేము కొట్టిన గ్రీజు ఆ పగులును తేలేదు, ఎప్పటి నుంచో కొట్టిన గ్రీజు తెచ్చింది. కానీ విప్పి ఉంటే కనపడేది. విప్పడానికి ఒక పూట చాలు.

చక్రం లోపలికి ఒరిగినప్పుడు టైరు మడ్‌గార్డును లోపలి నుంచి తన్నింది. అరచేతి మేర సొట్ట, దాని చుట్టూ కొత్త రంగు పగుళ్లు. బానెట్ అంతా ఒకటే కాబట్టి ముందు భాగమంతా మళ్లీ చేయాలి. లప్పం నింపి పైపైన రంగు కొట్టి జనవరికి పంపవచ్చని ఒకరిద్దరు అన్నారు. న్యాయనిర్ణేత చేయి లోపల పెడితే దొరికిపోతుంది. దొరక్కపోయినా, అదే లప్పాన్ని గీకి పారేయడానికే కదా మాస్టారు మా దగ్గరికి తెచ్చింది.

ఆ సాయంత్రమే గుంటూరు వెళ్లి చెప్పాను. ఆయన మొదట "పిల్లవాడికి దెబ్బ తగిలిందా?" అని అడిగారు. తర్వాత కడ్డీని చేతిలో తిప్పి చూసి, "నువ్వు దీన్ని దాచకుండా తెచ్చావు, నాకు అది చాలు. తొందర నాకు లేదు నాయనా, నీకే పట్టుకుంది" అన్నారు.

డబ్బు సంగతి. మొదటి అంచనా మూడున్నర లక్షలు. నిన్నటికి 5 లక్షల 20 వేలు అయింది. పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ముందు కనపడని తుప్పుది. దాని ఫొటోలు, గంటల లెక్క మాస్టారి దగ్గర ఉన్నాయి. రెండోసారి వేసిన రంగు, ఇప్పుడు చేయబోయే బానెట్, కొత్త కడ్డీలు, కలిపి 74 వేల దాకా, షెడ్డే భరిస్తుంది. ఆ సొమ్ము మీ ఎవరి బిల్లులోనూ ఏ రూపంలోనూ చేరదు. దసరాకు ఆలస్యమైన తొమ్మిది బండ్లకు లేబరు చార్జీలో పావు వంతు తిరిగి ఇస్తున్నాను. ఆరుగురికి ఇచ్చేశాను. మిగిలిన ముగ్గురూ రసీదు లేకపోయినా ఫరవాలేదు, నా పుస్తకంలో ఉంది, రండి.

ఇకపై పోటీ కార్ల పని రోజూ సాయంత్రం నాలుగు తర్వాత, ఆదివారాల్లో మాత్రమే చేస్తాం, అదీ ఒకసారికి ఒకటే. గుడివాడ నుంచి ఇంకొకరు పాత ఫియట్ తెస్తానన్నారు, హెరాల్డ్ వెళ్లేదాకా ఆగమన్నాను. మీ రోజువారీ బండ్లకు తేదీ కాగితం మీద రాసి ఇస్తాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎన్.సి. రంగు వేయం, ఎవరు ఎంత అడిగినా వేయం. ముప్పై ఏళ్లు దాటిన ఏ బండి వచ్చినా, రంగు గురించి మాట్లాడే ముందు నాలుగు చక్రాలూ విప్పి, చూసింది ఫొటోలతో చూపిస్తాం. దానికి రెండు రోజులు, కొంత ఖర్చు అవుతాయి. అది వద్దనుకునేవాళ్ల బండి ఇకపై తీసుకోలేను.

స్పిట్‌ఫైర్‌కూ హెరాల్డ్‌కూ ముందు చక్రాల కట్టు దాదాపు ఒకటే. ఆ స్పోర్ట్స్ కారును ప్రేమించేవాళ్లు ఇంగ్లండ్‌లో ఇంకా చాలామంది ఉండటం వల్ల ఆ భాగాలు ఈనాటికీ కొత్తవి తయారవుతున్నాయి. మాస్టారి మేనల్లుడు ఈసారి పేరు పలకలు కాకుండా రెండు వైపుల కడ్డీలూ ట్రనియన్లూ పంపాడు. కుడికీ ఎడమకూ మర దిశ వేరు, అటుదిటు పెడితే ఎక్కవు. మంగళవారం మేస్త్రి వాటిని కిరోసిన్‌లో కడిగి, నూనెలో ముంచి, వేళ్లతోనే చివరిదాకా తిప్పి చూశారు. బానెట్ సొట్ట తీయడం సంక్రాంతి తర్వాత మొదలుపెడతాం. రంగు ఫిబ్రవరి ఎండలో. ఆ తర్వాత ఏ పోటీకి, ఎప్పుడు అన్నది మాస్టారే చెబుతారు, నేను తేదీ అడగను.

ఆ నూనె మూతి పక్కన "గ్రీజు వద్దు" అని చిన్న అక్షరాలతో రాద్దామని మేస్త్రి కొడుకు అన్నాడు. ఫ్యాక్టరీలో అక్కడ ఏమీ రాయలేదు కాబట్టి కారు మీద రాయలేదు. ఆ మాటను ఒక రేకు ముక్క మీద గుద్ది, షెడ్డులో ఉన్న రెండు గ్రీజు గన్నులకూ తీగతో కట్టాడు.