బీసెంట్ రోడ్డులో ఆ రోజు నా పక్కన నిలబడ్డ వాళ్ళకి

అందరికీ నమస్కారం అండీ. నేను కంకిపాడులో లేడీస్ టైలర్‌ని, పదకొండేళ్ళుగా ఇంట్లోనే మిషన్ పెట్టుకుని కుడుతున్నా. దసరా సెలవుల్లో మొన్న బుధవారం విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక పెద్ద బట్టల షాపులో నన్ను దొంగ అన్నారు, మా పాప ముందు, బోలెడంత జనం ముందు. ఆ టైంలో నాకు సాయం చేసినవాళ్ళకి అక్కడ సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేకపోయా, నోట్లోంచి మాటే రాలేదు. వాళ్ళల్లో ఒకావిడ ఎవరో కూడా నాకు తెలీదు. అందుకే ఇక్కడ రాస్తున్నా, ఎవరైనా చూసి ఆవిడ దాకా చేరవేస్తారని. షాపు పేరు మాత్రం రాయను, అడగొద్దు ప్లీజ్.

పొద్దున్నే పాపని తీసుకుని బస్సెక్కా. ఫ్రీ బస్సు వచ్చాక విజయవాడ హోల్‌సేల్ బట్టల మార్కెట్ వస్త్రలతకి నెలకి రెండు మూడు సార్లు వెళ్తున్నా, ఇదివరకు ఛార్జీలకి భయపడి అన్నీ ఒకేసారి తెచ్చుకునేదాన్ని. దసరా అంటే మాకు సీజన్ కదా, లైనింగ్ క్లాత్, ఇరవై ఫాల్స్, హుక్కుల ప్యాకెట్లు, రెండు బండిళ్ళ లేసు తీసుకున్నా. ఆల్టరేషన్‌కి ఒక కస్టమర్ ఇచ్చిన రెడీమేడ్ లాంగ్ ఫ్రాక్ కూడా బ్యాగ్‌లో ఉంది. దాని చున్నీకి లేసు వెయ్యమన్నారు, షేడ్ కరెక్ట్‌గా చూసుకుందామని ఫ్రాక్‌ని కూడా మడతపెట్టి తెచ్చుకున్నా. ఈ ఫ్రాక్ సంగతి గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దాని దగ్గరే ఉంది.

పని అయ్యాక పాపకి పండక్కి ఒక డ్రెస్ కొందామని బీసెంట్ రోడ్డుకి వచ్చాం. అమ్మవారి దర్శనానికి వచ్చిన జనం, పండగ షాపింగ్ జనం కలిసి రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేసే సందు లేదు. షాపులో బ్యాగులు పెట్టే కౌంటర్ కూడా నిండిపోయిందని లోపలికే తీసుకెళ్ళమన్నారు. పాపకి ఒక కుర్తీ సెట్ నచ్చింది, 849 రూపాయలు, బిల్లు కట్టి కవర్ తీసుకుని బయటికి వస్తుంటే గేటు దగ్గర బీప్ బీప్ అని మోగింది. నేను ఇంకెవరిదో అనుకుని ఇంకో అడుగు వేశా. సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టి "అమ్మా ఆగు, బ్యాగ్ తియ్" అన్నాడు.

తీశా. తియ్యకపోతే ఏమనుకుంటారో అని నేనే గబగబా జిప్ తీశా. లోపల అన్నీ కొత్త బట్టలే కదండీ, లైనింగ్ ముక్కలు, ఫాల్స్, లేసు. అతను అవి చూసి వెంటనే ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచాడు. ఆయన వచ్చి ఏమీ అడక్కుండానే "ఎన్ని రోజుల నుంచి చేస్తున్నావ్ ఈ పని" అన్నాడు. "వీటికి బిల్లులేవి" అన్నాడు. వస్త్రలతలో మాకు చీటీ ఇస్తారు, అది ఎక్కడో పర్సులో ఉండాలి, చేతులు వణికి పర్సులో వెతుకుతుంటే దొరకలేదు. పాప నా కొంగు పట్టుకుని "అమ్మా మనం కొన్నాం కదా, చెప్పమ్మా" అంటోంది. దానికి ఏడో తరగతి. అప్పటిదాకా కొత్త డ్రెస్ కవర్ గుండెకి హత్తుకుని పట్టుకున్న పిల్ల దాన్ని కింద పెట్టేసింది, ఆ కవర్ కూడా దొంగతనం అనుకుంటారేమో అని. ఇంటికొచ్చాక చెప్పింది నాకు ఆ మాట.

మేనేజర్ "లోపలి రూమ్‌లోకి పద, చెకింగ్ ఉంటుంది, లేకపోతే పోలీసులకి ఫోన్ చేస్తా" అన్నాడు. నేను వెళ్ళబోయా కూడా, జనం చూపుల్లోంచి పక్కకి పోతే చాలనిపించింది. అప్పుడు బిల్లింగ్ లైన్‌లోంచి ఒక అమ్మాయి, పాతికేళ్ళు కూడా ఉండవేమో, చేతిలో ఉన్న బట్టలు పక్కన పడేసి వచ్చి నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "అక్కా, లోపలికి వెళ్ళొద్దు. ఇక్కడే, అందరి ముందే నిలబడండి" అంది. తర్వాత మేనేజర్ వైపు తిరిగి "నేను అడ్వకేట్‌ని. పోలీసుల్ని పిలవాలంటే మీరే పిలవండి, లేదా నేనే 112కి చేస్తా. ఈవిడని రూమ్‌లో పెట్టి వెతికే హక్కు మీకు లేదు" అంది. గొంతు పెంచలేదు, క్లాసులో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాట స్పష్టంగా చెప్పింది. మేనేజర్ "నువ్వు" నుంచి "మీరు"కి వచ్చింది అప్పుడే.

చెల్లీ, నీకు నేను ఎన్ని జన్మలకైనా రుణపడి ఉంటా. నీ పేరు ఇక్కడ రాయొద్దన్నావు, రాయట్లేదు. కానీ తర్వాత టీ తాగుతూ నువ్వు చెప్పినవి మాత్రం రాస్తా, నాలాంటి వాళ్ళకి పనికొస్తాయి. 2024 జులై 1 నుంచి నేరాలకి శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చిందట కదా, అందులో దొంగతనం 303వ సెక్షన్. అదే పుస్తకంలో ఒక మనిషిని అన్యాయంగా కదలనివ్వకుండా అడ్డుకోవటం 126, నిర్బంధించటం 127, అవి కూడా నేరాలే. కళ్ళ ముందు దొంగతనం జరిగితే కొన్ని సందర్భాల్లో మామూలు మనిషి కూడా పట్టుకోవచ్చు గానీ ఆలస్యం చెయ్యకుండా, ఎంత లేదన్నా ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పజెప్పాలట. గేటు మోగటం కళ్ళ ముందు దొంగతనం జరగటం కాదు. ఒకవేళ పోలీసులు అరెస్టు చేసి వెతకాల్సి వచ్చినా ఆడవాళ్ళని ఆడవాళ్ళే, మర్యాదకి భంగం లేకుండా వెతకాలి. ఇంకోటి, మనలాంటి ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయర్‌ని ఇస్తుందట, 15100కి ఫోన్ చేస్తే చాలట. పదకొండేళ్ళుగా ఎంతమంది ఆడవాళ్ళు నా మిషన్ పక్కన కూర్చుని కష్టాలు చెప్పుకున్నారో, ఈ నంబరు ఒక్కరికీ చెప్పలేకపోయా, నాకే తెలీదు మరి. ఇప్పుడు మిషన్ పక్కన గోడ మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి అంటించా.

రెండోది ఆ షాపులోనే బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయికి. వాళ్ళ మేనేజర్ ఎదురుగా ఉండగానే సీట్లోంచి లేచి వచ్చింది. "సార్, ఒక్కో ఐటమ్ గేటులోంచి దాటించి చూద్దాం, ఏది మోగుతుందో తెలుస్తుంది" అంది. నన్ను అడిగింది, "మీకు ఓకేనా అండీ" అని. ఆ మాట అంతసేపట్లో అక్కడ ఎవరూ అడగలేదు. నేను సరేనన్నా. లైనింగ్ పట్టుకుని దాటింది, మోగలేదు. ఫాల్స్, మోగలేదు. లేసు, హుక్కులు, మా పాప కుర్తీ సెట్, ఏదీ మోగలేదు. ఫ్రాక్ పట్టుకుని అడుగు వెయ్యగానే బీప్. మేనేజర్ ఫ్రాక్ లాక్కుని చూస్తే అది వాళ్ళ షాపు లేబుల్ కాదు, వేరే షాపుది. కానీ మోగింది కదా అంటాడు.

అప్పుడు నాకు వెలిగింది. నేను టైలర్‌నండీ, కుట్టు లోపల ఏముందో వేళ్ళకి తెలుస్తుంది. ఫ్రాక్‌ని తిరగేసి ఎడమ సైడు కుట్టు వెంట పైనుంచి కిందికి తడుముకుంటూ వచ్చా. నడుము కింద ఒక జానెడు దూరంలో, వాష్ కేర్ లేబుళ్ళ వెనకాల, ఇంకో గుడ్డ లేబుల్ బిరుసుగా తగిలింది. నా పర్సులో ఎప్పుడూ కుట్లు విప్పే రిప్పర్ ఉంటుంది. అక్కడే నిలబడి ఓవర్‌లాక్ కుట్టు నాలుగు పోగులు విప్పి బయటికి తీశా. రెండు పొరల గుడ్డ మధ్యలో పల్చగా రేకు తీగ చుట్టలు చుట్టి ఉంది, పైన ఉతికే ముందు కత్తిరించెయ్యమని ఇంగ్లీషులో రాసి కత్తెర బొమ్మ కూడా ఉంది. కొన్నచోట తియ్యలేదు, కస్టమర్ చూసుకోలేదు. ఆ లేబుల్ లేకుండా ఫ్రాక్ పట్టుకుని ఆ అమ్మాయి మళ్ళీ గేటు దాటింది, చప్పుడు లేదు. లేబుల్ ఒక్కటే చేత్తో పట్టుకుని దాటింది, మోగింది. చుట్టూ ఉన్న జనం "హమ్మయ్య" అన్నారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మా తమ్ముడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాడు, వాడు చెప్పాడు, చాలా షాపుల గేట్లు ఒకే రేడియో ఫ్రీక్వెన్సీ మీద, 8.2 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయట. గేటుకి ఇది ఏ షాపు బట్ట అని తెలీదు, దొంగతనం పట్టుకోటానికి పెట్టే ఇలాంటి ట్యాగ్ ఉందా లేదా అంతే తెలుసు. స్టిక్కర్ ట్యాగ్ అయితే బిల్లు కొట్టేటప్పుడు కౌంటర్ మీద ప్యాడ్‌కి తగిలించి పనిచెయ్యకుండా చేస్తారు, గట్టి ప్లాస్టిక్ ట్యాగ్ అయితే అయస్కాంతంతో ఊడదీస్తారు, వాళ్ళు ఏది మర్చిపోయినా అది మనతోనే ఇంటికొచ్చేస్తుంది. ఇలా కుట్టులో కలిపేసినవి అసలు కనపడవు. దయచేసి మీ ఇంట్లో రెడీమేడ్ డ్రెస్సుల సైడు కుట్లు ఒకసారి తిరగేసి చూసుకోండి, కత్తెర బొమ్మ ఉన్న లేబుల్ కనిపిస్తే కత్తిరించెయ్యండి. నేనైతే ఆల్టరేషన్‌కి వచ్చిన ప్రతి బట్టకీ ముందు అదే చూస్తున్నా ఈ వారం నుంచి.

ఇంత జరిగినా ఇంకా లైనింగు, ఫాల్స్‌కి బిల్లు లేదనే పాయింట్ మేనేజర్ వదల్లేదు. అవి వాళ్ళ షాపులో అమ్మరు కూడా. ఈలోపు నేను వస్త్రలతలో లేసుల షాపు అన్నయ్యకి ఫోన్ చేశా, ఏడుపులో ఏం చెప్పానో నాకే తెలీదు, ఆయన "ఎక్కడున్నావమ్మా, కదలకు అక్కడే ఉండు" అని పెట్టేశాడు. దసరా సీజన్‌లో హోల్‌సేల్ షాపు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, ఊపిరి తీసుకునే టైం ఉండదు. ఆయన షాపు కుర్రాడికి అప్పజెప్పి ఆ ట్రాఫిక్‌లో స్కూటర్ మీద వచ్చాడు, చేతిలో బిల్లు పుస్తకం పట్టుకుని. కార్బన్ పేపరు కింద నీలం అక్షరాలతో డూప్లికేట్ ఉంది, "కంకిపాడు టైలరమ్మ" అని రాసి కింద లైనింగు, ఫాల్స్ ఇరవై, లేసు రెండు, హుక్కులు, అన్నీ లెక్కతో సహా. పుస్తకం మేనేజర్ ముందు పెట్టి ఒకటే అన్నాడు, "ఈమె నా దగ్గర పదేళ్ళుగా అరువు తీసుకుంటుంది సార్, ఒక్క రూపాయి ఎప్పుడూ ఎగ్గొట్టలేదు." అన్నయ్యా, ఆ మాట విన్నాక నేను తలెత్తి నిలబడ్డా. ఆ రోజు పోయిన బేరానికి నేనేమీ ఇచ్చుకోలేను, నువ్వు తీసుకోవు కూడా.

అడ్వకేట్ చెల్లి కెమెరా చూడమని పట్టుబడితే అది కూడా చూశారు. మేము లోపలికి వచ్చేటప్పుడే గేటు లైటు ఎర్రగా వెలిగింది, జనం తోపులాటలో ఎవరూ పట్టించుకోలేదు. అంటే లోపలికి రాకముందే ఆ ట్యాగ్ నా బ్యాగ్‌లో ఉంది. దాంతో మేనేజర్ సారీ చెప్పాడు. మా పాపకి కూడా చెప్పమంది చెల్లి. చెప్పాడు. కంప్లయింట్ ఇద్దామా అని చెల్లి అడిగింది, నేను వద్దన్నా, ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది అంతే. ఇంకొకళ్ళయితే ఇచ్చేవాళ్ళేమో, అదీ తప్పు కాదు.

బయట మెట్ల పక్కన పూలమ్ముకునే పిన్నిగారికి కూడా థాంక్స్. గొడవంతా అయ్యేదాకా మా పాపని తన పక్కన పీట మీద కూర్చోబెట్టుకుని, మంచినీళ్ళ బాటిల్ కొనిచ్చి, కనకాంబరాలు మాల కట్టటం నేర్పిస్తూ కూర్చున్నారు, లోపలికి చూడనివ్వకుండా. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మూర పూలు కూడా దాని జడలో పెట్టి పంపారు.

ఇక చివరిగా ఒకావిడ గురించి. ఆవిడకే నేను థాంక్స్ చెప్పనేలేదు. అరవై దాటి ఉంటాయి, ఆకుపచ్చ రంగు మంగళగిరి చీర, నెరిసిన జుట్టు ముడి, పెళ్ళి బట్టలకి వచ్చినట్టున్నారు, వెంట ఇద్దరు కోడళ్ళు. మొదట్లో, ఇంకా ఎవరూ ముందుకి రాకముందు, మేనేజర్ నన్ను ఎన్ని రోజుల నుంచి అని అడిగినప్పుడు, నా కాళ్ళు నిలవట్లేదని చూసి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చి నా వెనకాల వేసి భుజం మీద చెయ్యి వేసి "కూర్చో తల్లీ, తప్పు చెయ్యనిదానివి నువ్వెందుకు వణుకుతావ్" అన్నారు. నేను ఎవరో ఆవిడకి తెలీదు. బ్యాగ్‌లో ఏముందో చూడలేదు. గేటు మోగిందని మాత్రం చూశారు, అయినా ఆ మాట అన్నారు. ఆ చెయ్యి చివరిదాకా నా భుజం మీదే ఉంది, ఫ్రాక్ కుట్టు విప్పేటప్పుడు కూడా. అంతా అయ్యాక తిరిగి చూస్తే లేరు.

భుజం మీద చెయ్యి వేసినప్పుడు నా కంటికి కనపడింది, ఆవిడ జాకెట్టు కుడి చంక దగ్గర కుట్టు రెండంగుళాలు ఊడి ఉంది. మీకు ఎవరికైనా ఆవిడ తెలిస్తే ఈ పోస్ట్ చదివి వినిపించండి, కంకిపాడు టైలరమ్మ వెతుకుతోందని చెప్పండి. పిన్నిగారూ, ఆ జాకెట్టు పంపించండి, కుట్టు వేసి ఇస్తా. మీ ఇంట్లో పెళ్ళి జాకెట్లు కూడా నేనే కుడతా, లైనింగుతో సహా, ముహూర్తానికి వారం ముందే ఇంటికి తెచ్చి ఇస్తా.