టేస్టింగ్ సాల్ట్‌కు కొలత చెప్పండి సార్

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నల్గొండ నుంచి నమస్కారం. గడియారం సెంటర్ దగ్గర తొమ్మిదేళ్లుగా ఫాస్ట్‌ఫుడ్ బండి నడుపుతున్నాను. ఫ్రైడ్ రైస్, నూడుల్స్, మంచూరియా, ఏది చేసినా టేస్టింగ్ సాల్ట్, అంటే మోనోసోడియం గ్లుటామేట్, పడాల్సిందే. గరిటె అంచుతో తీసి కడాయిలో కొడతాం. ఎంత అంటే, చేతికి అలవాటైనంత. నాకు పని నేర్పిన మాస్టర్ అలాగే నేర్పారు, నా దగ్గర చేరిన పిల్లలకు నేనూ అదే నేర్పాను. రాత్రి గిరాకీ తగ్గాక మేం తినేదీ ఆ కడాయిలోదే.

మాకు పెళ్లై ఆరేళ్లు, పిల్లలు లేరు. నాలుగేళ్లు నా భార్యనే ఆసుపత్రుల చుట్టూ తిప్పాం. స్కానింగ్‌లు, సూదులు, మొక్కులు. నన్ను పరీక్ష చేయించుకోమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. చివరికి చేయించుకుంటే వీర్యకణాలు మిల్లీలీటరుకు 60 లక్షలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస లెక్క 1 కోటి 60 లక్షలు. అన్నాళ్లూ ఆమె పడ్డ మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

టేస్టింగ్ సాల్ట్ వల్లేనా అని డాక్టర్ గారిని అడిగాను. ఎలుకలకు మోనోసోడియం గ్లుటామేట్ పెద్ద మోతాదులో పెట్టిన ప్రయోగాల్లో వీర్యకణాలు తగ్గాయి, వృషణాలు దెబ్బతిన్నాయి అన్నారు. మనుషుల్లో అలా జరుగుతుందని రుజువు కాలేదనీ చెప్పారు. పైగా నేను రోజూ ఆరేడు గంటలు మంట ముందు నిలబడతాను. వృషణాలు ఒంటి వేడి కంటే కాస్త చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయట. తప్పు సాల్ట్‌దా, పొయ్యిదా అన్నది తేల్చలేనన్నారు.

అందుకే నిషేధించమని అడగడం లేదు. కొలత అడుగుతున్నాను. ఆహారంలో కలిపే గ్లుటామేట్ రోజుకు ఒంటి బరువు కిలోకు 30 మిల్లీగ్రాములు దాటొద్దని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో చెప్పింది. ఈ సాల్ట్‌లోని అసలు పదార్థమైన గ్లుటామిక్ ఆమ్లం లెక్కలో 60 కిలోల మనిషికి రోజంతా కలిపి 1.8 గ్రాములు. ఇది చదివి, నా చేతి కొలతను చిన్న కాటా మీద తూచాను. ఒక ప్లేటుకు రెండు గ్రాములు పడింది, ఇంకో ప్లేటుకు అయిదు. ఈ సాల్ట్ కలిపిన ప్యాకెట్ ఆహారం మీదైతే 12 నెలల లోపు పిల్లలకు వద్దని రాయాలి. బండి మీది ప్లేటుకు లేబుల్ ఎక్కడిది? బడి వదిలాక పిల్లలు నా బండి ముందే నిలబడతారు సార్.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియకుండా తాగిన ఊళ్లు మా జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఇదీ అంతటిదని అనను. తూచకుండా తినిపించడం మాత్రం నాకు భయంగా ఉంది.

2024 అక్టోబరు 30న పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధిస్తే ఆ మాట మా బండ్ల దాకా వచ్చింది. ఇదీ అలాగే చేరుతుంది. ప్లేటుకు ఎంత వేయాలో తెలుగులో రాసి ఇవ్వండి, రిజిస్ట్రేషన్‌తోపాటు ఒక కొలత చెంచా ఇప్పించండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లను మా బండ్ల దగ్గరకు పంపండి. సాల్ట్ తినేవాళ్లను, పొయ్యి దగ్గర పనిచేసేవాళ్లను విడివిడిగా పరీక్షించనివ్వండి. మొదట నేనే వస్తాను.

ఇంకొక్క మాట. పిల్లల కోసం సర్కారు దవాఖానకు వచ్చిన ఆడవాళ్లకు మొదటి పరీక్ష రాసిన రోజే, పక్కన కూర్చున్న భర్తకూ చీటీ రాయమని ఆదేశించండి.

ఇట్లు,
నల్గొండ ఫాస్ట్‌ఫుడ్ బండి యజమాని